తువ్వాలు కింద చేతులు

పోయిన వారం చైతన్యకృష్ణని మనం బ్రాడీపేట అద్దెగది మెట్ల మీద, తండ్రి దెబ్బకి కందిపోయిన చెంపతో వదిలేశాం. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పుకునే ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, "నాకు ఏ ఆడపిల్లతోనూ పెళ్ళి వద్దు నాన్నా. నేను కౌశిక్‌ని ప్రేమించాను" అని తండ్రి కళ్ళలోకి చూసి చెప్పేశాడు. శ్రీకృష్ణ కొడుకుని ఒక్కటి పీకి, ఫోను లాక్కుని, కారెక్కించి నల్లపాడు అవతల ఉన్న సొంతూరికి తెచ్చి పడేశాడు. సాయికౌశిక్ ఎవరంటే, చైతన్య తాతయ్య బుల్లయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడితే, రోజూ ఇంటికొచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే కదిలించడం నేర్పిన ఫిజియోథెరపీ కుర్రాడు. అతన్ని ఇక గుమ్మం తొక్కొద్దన్నారు. బుల్లయ్య అక్క కామేశ్వరమ్మ అద్దంకి నుంచి ఆగమేఘాల మీద దిగి, వారం తిరక్కుండా అక్కడి పిల్ల తేజశ్రీతో సంబంధం కుదిర్చేసింది. ఆడపెళ్ళివాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారనీ, ఆ చేత్తోనే తాంబూలాలు పుచ్చుకోవాలనీ అనుకున్న రోజు రానే వచ్చింది.

బుల్లయ్య భార్య, శ్రీకృష్ణ తల్లి వెంకటరావమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఇత్తడి పళ్ళెం సర్దుతోంది. తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, కుంకుమ భరిణె, మడత విప్పని నారింజరంగు పట్టుచీర. ఇంటికి పెద్ద ముత్తైదువ కాబట్టి ఆ పళ్ళెం పిల్ల చేతిలో పెట్టాల్సింది ఆవిడే.

ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు లేచి వసారాలోకి వస్తోంది. కోడలు జ్యోతిర్మయి పొద్దుట్నించీ కళ్ళు తుడుచుకుంటూ తిరుగుతోంది. ఏమ్మా అంటే మిరప ఘాటు అత్తయ్యా అంటుంది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఈ కల్లం పక్కనే వండి వారుస్తున్న మనిషికి ఇవాళే ఘాటు తగిలిందంటే నమ్మడానికి వెంకటరావమ్మ నిన్నగాక మొన్న పుట్టిందా?

బుల్లయ్య పడక్కుర్చీలో ఒళ్ళో పేపరు పెట్టుకుని కూర్చున్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన మాట ముద్దగా, ఆగి ఆగి వస్తుంది. తెల్లవారుతూనే బటన్ ఫోను కుడిచేత్తో నొక్కుతూ దాంతో కుస్తీ పడుతుంటే ఆవిడ చూసింది.

"ఎవరికండీ ఇంత పొద్దున్నే?"

"చెయ్యి... అలవాటు" అన్నాడు.

కౌశిక్ రావడం మాన్పించాక తనే వ్యాయామం చేసుకుంటున్నాడు కాబోలు అనుకుని ఊరుకుంది.

"ఏమే వెంకటరావమ్మా, కొబ్బరిబోండానికి పసుపు రాయలేదేంటే? అన్నీ నేను చెప్పాల్సిందేనా?" నవారు మంచం మీద నుంచి కామేశ్వరమ్మ గొంతు లేచింది. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఆవిడ పుట్టింట్లో అడుగు పెడితే ఈ ఇంటి గిన్నెలు కూడా నిటారుగా నిలబడతాయి.

"రాశాను వదినా. నీకు కనపడేది వెనకవైపు."

"అయితే ఇటు తిప్పు. చెప్పిందానికల్లా ఓ సమాధానం."

ఇంతలో గది తలుపు తెరుచుకుని చైతన్యకృష్ణ బయటికొచ్చాడు. మంచం మీద పెట్టిన కొత్తబట్టలు కట్టుకోలేదు. పాత నీలంరంగు టీషర్టు, మాసిన గడ్డం.

"అదేం వేషంరా? వాళ్ళు చిలకలూరిపేట దాటారంట. అవతారం చూస్తే పొలంలో దిష్టిబొమ్మలాగున్నావు" అంది కామేశ్వరమ్మ.

"ఉన్నది ఉన్నట్టు చూసుకోనీ అమ్మమ్మా. వచ్చిందే చూడ్డానికి గదా."

"చూసి ఏమనుకుంటారు?"

"ఏమనుకున్నా పర్లేదు. వాళ్ళు రావాలి, కాఫీలు తాగాలి. ఆ తర్వాత ఆ అమ్మాయికి నేనే చెప్తా. నేనెవర్నో, నాకు ఎవరిష్టమో. అందరి ముందరే చెప్తా."

లోపలి నుంచి శ్రీకృష్ణ విసురుగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద బొత్తాం ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు.

"నువ్వు నోరు తెరిచి చూడు. కౌశిక్ గాడి మీద కంప్లైంటు పెడతానని చెప్పానా లేదా? ముసలాయనకి వైద్యం వంకతో ఇంట్లో దూరి ఆయనతో అసయ్యంగా ప్రవర్తించాడని పెడతా. ఇక గుంటూర్లో ఎవడన్నా వాణ్ణి మెట్లెక్కనిస్తాడేమో చూద్దాం."

"అది అబద్ధమని నీకూ తెలుసు నాన్నా."

"తెలుసు. అయినా పెడతా. నువ్వు నా కొడుకువి కాబట్టి పెడతా."

"మా ప్రేమ నేరం కాదని కోర్టే చెప్పింది."

"కోర్టొచ్చి మనూళ్ళో కాపరం చేస్తదంట్రా? పొద్దున లేస్తే టీకొట్టు దగ్గర నిలబడాల్సింది నేను!"

"అయితే టీ ఇంట్లో తాగు" అన్నాడు చైతన్య.

శ్రీకృష్ణ చెయ్యి లేచింది. చైతన్య వెనక్కి జరగలేదు, మొహం తిప్పుకోలేదు. మెట్ల మీద ఒకసారి తిన్న చెంపనే ముందుకి పెట్టి నిలబడ్డాడు. లేచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఆగింది.

"దించరా కృష్ణా, నీ బీపీ సంగతి చూసుకో" అంది కామేశ్వరమ్మ. గొంతులోకి కొంచెం తేనె తెచ్చుకుని మనవడి వైపు తిరిగింది. "ఒరేయ్ చైతన్యా, ఇటొచ్చి కూర్చో. ఈ ముసల్దానికి ఏం తెలుసులే అనుకోకు. వెయ్యిమంది మగపిల్లల్లో ఒకడికి ఈ వయసులో ఇట్టాంటి పిచ్చి పడతది. మూడుముళ్ళు వేయించి ఓ పిల్లని పక్కన కూచోబెడితే ఏడాది తిరక్కుండా అదే వదిలిపోద్ది. గాలికి చెప్పట్లా. చూశా కాబట్టి చెప్తన్నా. వదిలిపోయింది కూడా."

పళ్ళెంలో వక్కలు పెడుతున్న వెంకటరావమ్మ చెయ్యి ఆగింది.

"ఎవరికి వదిలిపోయింది వదినా?"

"ఎవరికో. అద్దంకిలో. నువ్వు పని కానీ."

"అద్దంకిలోనా? ఈ వసారాలోనా?"

బుల్లయ్య ఒళ్ళో పేపరు జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

ఈ ఇంట్లో ఒక మాట ఉంది. ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. బుల్లయ్య వయసులో ఉండగా గుంటూరు మిరప యార్డులో ఓ కమీషన్ కొట్టు తరఫున బేరాలు చేసేవాడు. ఇప్పుడైతే ధరలు కంప్యూటర్లలో కనపడుతున్నాయి గానీ, అప్పట్లో బేరమంతా తువ్వాలు కిందే. రైతు తరఫున కొట్టు మనిషి, ఎదురుగా కొనేవాళ్ళ మనిషి. ఇద్దరూ కుడిచేతులు కలిపి పైన తువ్వాలు కప్పేవాళ్ళు. లోపల ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఒక ధర. చుట్టూ జాతరలా జనం ఉన్నా ధర ఎంతన్నది ఆ రెండు చేతులకే తెలియాలి. కుదిరితే చెయ్యి ఊపి వదిలేస్తారు, కుదరకపోతే విదిలించుకుంటారు. ఎంత పెద్ద సరుకైనా ఒక ఆకు నమిలేంత సేపు.

బుల్లయ్య చెయ్యి, అద్దంకి నుంచి వచ్చే కొనుగోలుదారు గురునాథం చెయ్యి తువ్వాలు కిందికి వెళితే మాత్రం అంత తొందరగా బయటికి వచ్చేవి కావు. యార్డు కళ్ళు యార్డువి. ధర తేలిపోయాక ఇంకా చేతులతో పనేముంది? లోపల ఇంకో బేరం నడుస్తోందన్నారు. రైతు ఎంతకి దిగుతాడో ముందే చెప్పేసి బుల్లయ్య వాటా తింటున్నాడన్నారు. కొట్టు యజమాని పిలిచి పదిమందిలో నిలదీస్తే బుల్లయ్య తలొంచుకుని అవునన్నాడు. ఆ పూటే పని పోయింది. దొంగబేరం బుల్లయ్య అన్న పేరు మిగిలింది. శ్రీకృష్ణ బడికెళ్ళే వయసు నుంచీ ఆ పేరుని వీపున మోసుకుంటూ పెరిగాడు. తండ్రితో అతను నాలుగు మాటలు కలిపి మాట్లాడిన రోజు వెంకటరావమ్మకి గుర్తు లేదు.

"అమ్మా, ఏంది నువ్వనేది?" అన్నాడు శ్రీకృష్ణ. "నాన్నకి పిచ్చేంది? నాన్న చేసింది వేరు. అది యార్డు సంగతి."

"అవును కృష్ణా, యార్డు సంగతే. చెబుతా, కూర్చో."

"ఇప్పుడా? వాళ్ళు దారిలో ఉంటే ఇప్పుడా?" కామేశ్వరమ్మ మంచం దిగిపోయింది. "వెంకటరావమ్మా, గమ్మునుండు. పెద్దదాన్ని చెబుతున్నా."

"గమ్మునే ఉన్నా వదినా. నీ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చిన కాణ్ణుంచీ ఉన్నా. ఇంకెంత గమ్మునుండను?"

వెంకటరావమ్మ గొంతు పెంచలేదు. పళ్ళెం మాత్రం ఒళ్ళోకి తీసుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"నువ్వప్పుడు మూడేళ్ళవాడివి కృష్ణా. నాన్న క్యారేజీ మర్చిపోయి వెళితే, నిన్ను చంకనేసుకుని బస్సెక్కి యార్డుకెళ్ళా. బేరం తేలిపోయింది. కాటావాళ్ళు బస్తాలు ఎత్తుతున్నారు. సరుకు అమ్ముకున్న రైతు చుట్ట ముట్టించుకుని పక్కకెళ్ళిపోయాడు. అయినా ఈయన చెయ్యీ ఆ గురునాథం చెయ్యీ తువ్వాలు కిందే ఉన్నాయి. ఆయన గోడ వంక చూస్తున్నాడు, ఈయన నేల వంక చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా మాటా లేదు, పలుకూ లేదు. నాకు చేతులు కనపడలా. ఈయన మొహం కనపడింది."

ఆవిడ ఒళ్ళో పళ్ళెం ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"వారం రోజుల జొరం దిగిన పిల్లాడి మొహంలాగుంది. అంత నెమ్మది. మా పెళ్ళిలో లేదు ఆ మొహం. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకున్నాడే, అప్పుడు కూడా అంత లేదు. క్యారేజీ అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చేశా. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే అప్పుడు తెలిసింది నాకు. చెప్పిన వాళ్ళెవరూ లేరు. తెలిసిందంతే."

శ్రీకృష్ణ తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు. "మరి... దొంగబేరం..." అన్నాడు.

"ఎక్కడి దొంగబేరం? ఆయన పట్టిన ధరకి ఏ రైతన్నా ఏడ్చాడేమో యార్డులో ముసలివాళ్ళు మిగిలుంటే అడుగు. మీ నాన్న ఒకళ్ళ సొమ్ము ముట్టలేదు. ఆ యార్డులో ఇద్దరు మగవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకోవడానికి అదొక్కటే చోటు. ఆ తువ్వాలంత చోటు. అది బయటపెట్టలేక, దొంగనని ఒప్పుకున్నాడు."

కల్లంలో కూలీల మాటలు మాత్రం వినపడుతున్నాయి.

శ్రీకృష్ణ ఉన్నట్టుండి మేనత్త వైపు తిరిగాడు. "అత్తా. నీకు తెలుసా ఇది?"

కామేశ్వరమ్మ పైట సర్దుకుంది. "తెలిస్తే? తెలిసే కాపాడుకున్నా. వాడు కాలేజీకని అద్దంకిలో మా ఇంట్లో ఉండగా ఆ గురునాథంతో చూశా నేను. నా కళ్ళతో చూశా. ఎవరికీ చెప్పకుండా, అమ్మ దగ్గర కూడా నోరు మెదపకుండా ఈ సంబంధం చూసి ముడిపెట్టించా. తర్వాత యార్డులో గొడవైనప్పుడు వాడు నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. అక్కా, నిజం చెప్పేస్తానన్నాడు. నేనే అన్నా, దొంగనని ఒప్పుకో, దొంగ అన్న పేరు పదేళ్ళకి పోద్ది, ఆ పేరు పోదు అని. తప్పా? మీ అందరికీ ఇంటి పరువు మిగిల్చిందెవరు?"

"పదేళ్ళకి పోలేదత్తా" అన్నాడు శ్రీకృష్ణ. అతని గొంతు చిత్రంగా ఉంది. "నేను డిగ్రీ చదివేటప్పుడు కూడా నా వెనక అనుకునేవాళ్ళు. ఈయన పక్కన నడవాల్సొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాణ్ణి నేను."

"పోయావు గానీ, తల ఎత్తుకునే పోయావుగా!"

"లేదు" అన్నాడు శ్రీకృష్ణ.

చైతన్య తాతయ్య కుర్చీ దగ్గరికెళ్ళి నేల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు కథలు చెప్పించుకోవడానికి కూర్చునే చోటే. కింద పడ్డ పేపరు తీసి మడతపెట్టి ఆయన ఒళ్ళో పెట్టాడు.

బుల్లయ్య పెదాలు కదిలాయి. మాట రావడానికి టైము పట్టింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

"అక్కా" అన్నాడు. "అది... దొంగబేరం... కాదు."

ఇన్నేళ్ళూ నోట్లో నానిన మాట. ముద్దగా వచ్చినా ప్రతి అక్షరమూ వచ్చింది. ఆయన ఊపిరి తీసుకుని, ఎడంచేత్తో మనవడి తల తాకాడు.

"నేనూ... అప్పుడు... వీడి వయసే."

జ్యోతిర్మయి గుమ్మంలో నిలబడి చెంగుతో నోరు మూసుకుంది. ఇప్పుడు ఘాటు అని చెప్పుకోలేదు.

"చాల్లే" అంది కామేశ్వరమ్మ, కానీ గొంతులో మునుపటి ఊపు లేదు. "అయిపోయిందేదో అయిపోయింది. పెళ్ళి చేశాం, కుదురుకున్నాడు, వంశం నిలబడింది. ఏం లోటొచ్చింది? ఏమ్మా వెంకటరావమ్మా, నీకేం తక్కువ చేశాడు నా తమ్ముడు? చెయ్యెత్తాడా? తాగొచ్చాడా?"

వెంకటరావమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి చైతన్యకి భయం వేసింది.

"ఏం తక్కువ చెయ్యలేదు వదినా. తిట్టలేదు, కొట్టలేదు. నాకు జొరమొస్తే జావ కాచిచ్చాడు. మా అమ్మ పోతే నాకన్నా ఎక్కువ ఏడ్చాడు. ఒక్కడు పుట్టాక మంచాలు వేరు చేసుకున్నాం, అంతే. నాలో ఏదో వంకుందనుకుని యార్డుకెళ్ళొచ్చిన రోజు దాకా అద్దంలో చూసుకోవడం మానేశా. అప్పటికి నాకు ఇరవై రెండో ఇరవై మూడో. కుదురుకున్నాడంటున్నావే, నీ తమ్ముడు కుదురుకోలేదు. నన్ను కుదుర్చుకున్నారు మీరు. ఆయన్ని దాచిపెట్టడానికి ఓ మనిషి కావాల్సొచ్చింది, అందుకు నేను దొరికా."

"వెంకూ..." అన్నాడు బుల్లయ్య.

"మీరు తల దించుకోకండి. దించుకుంది చాలు. మీ మీద నాకు కోపం లేదని చెప్పను, ఉంది. అది మనం మనం చూసుకుందాం. ఇవాళ్టి లెక్క వేరు." ఆవిడ పీట మీద నుంచి లేచింది. పళ్ళెంలోని పట్టుచీర తీసి కోడలి చేతికిచ్చింది. "బీరువాలో పెట్టమ్మా. ఆ వచ్చే పిల్లకి ఎన్నేళ్ళు? ఇరవై రెండంట. ఇంచుమించు నా అప్పటి వయసు. నా చేత్తో నేను ఈ పళ్ళెం దానికివ్వను. ఈ ఇంట్లో ఇంకో వెంకటరావమ్మ వద్దు."

"నువ్వివ్వకపోతే నేనిస్తా!" అంది కామేశ్వరమ్మ.

"ఇవ్వు. పుచ్చుకోవడానికి వీడు కూర్చోవాలి గదా. ఏరా, కూర్చుంటావా?"

"కూర్చోను నానమ్మా" అన్నాడు చైతన్య. ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

"ఇంక కేసు సంగతి కృష్ణా. కౌశిక్ మీద పెడతానన్నావుగా, పెట్టు. ఆ పిల్లాడు రోజూ ఏం చేశాడో పక్కనే కూర్చుని చూసిందాన్ని. మీ నాన్నా నేనూ కలిసి స్టేషన్‌కొచ్చి చెబుతాం, నువ్వు అబద్ధం పెట్టావని."

శ్రీకృష్ణ స్తంభానికి ఆనుకుని, తప్పుగా పెట్టుకున్న బొత్తాన్ని విప్పుతూ పెడుతూ నిలబడ్డాడు. అతనికి ఏదో పోయినట్టుంది. చిన్నప్పటి నుంచీ అసహ్యించుకున్న దొంగ పోయాడు. ఆ స్థానంలో కూర్చున్న మనిషిని ఏమని పిలవాలో ఇంకా తెలియలేదు.

జ్యోతిర్మయి చీర పెట్టి వచ్చింది. వస్తూ వస్తూ బీరువాలో తన నగల పెట్టె వెనక మొగుడు దాచిన ఫోను తెచ్చింది. మొగుడు చూస్తుండగానే కొడుకు చేతిలో పెట్టింది.

"జ్యోతీ!" అన్నాడు శ్రీకృష్ణ.

"ఛార్జింగ్ పెట్టే ఉంచానండీ రోజూ" అంది ఆవిడ. తాళి కట్టించుకున్న నాటి నుంచీ భర్తకి ఎదురు చెప్పిన మొదటి మాట అదే కావచ్చు. అది కూడా అండీ తగిలించే చెప్పింది.

చైతన్య ఫోను ఆన్ చేశాడు. మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైనున్నది చదివి నుదురు ముడిచాడు.

"తాతయ్యా, నువ్వు పొద్దున కౌశిక్‌కి ఫోన్ చేశావా?"

బుల్లయ్య తలూపాడు.

"'తాతయ్య చెప్పినట్టే చేశాను. ఆయన ఫస్ట్ బస్సుకే వచ్చేశారు, నల్లపాడు దగ్గర ఎక్కించుకున్నాను. వచ్చేస్తున్నాం' అని పెట్టాడు. ఎవర్ని ఎక్కించుకున్నాడు?"

బుల్లయ్య సమాధానం చెప్పే పని లేకపోయింది. వీధి చివర స్కూటరు చప్పుడు వినపడింది. దాని వెనకే, దారి ఇమ్మని గోల చేస్తున్న కారు హారను.

రెండూ ఒకేసారి గేటు ముందుకొచ్చాయి. స్కూటరు సరిగ్గా గేటుకి అడ్డంగా ఆగింది. కారు దాని వెనక తెల్లగా మెరుస్తూ నిలబడింది. స్కూటరు నడుపుతున్న సాయికౌశిక్ హెల్మెట్ తీసి, లోపలికి రావచ్చా లేదా అన్నట్టు వసారా వంక చూశాడు. వెనక సీటు మీద నుంచి ఒక పొడుగాటి ముసలాయన మెల్లగా దిగాడు. తెల్లపంచె, భుజాన మడతపెట్టిన తువ్వాలు.

కామేశ్వరమ్మ మంచం కోడు పట్టుకుంది. "గురునాథం! ఎవరు పిలిచారు వీణ్ణి?"

"నేనే" అన్నాడు బుల్లయ్య.

ఈ మాట ముద్దగా రాలేదు.

ఆయన ఎడంచేత్తో స్తంభం పట్టుకుని లేచాడు. కర్ర అడగలేదు. చైతన్య సాయం పట్టబోతే వద్దని తలూపాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. వాకిట్లోకి వచ్చి, పడిపోయి మళ్ళీ ప్రాణం పోసుకున్న కుడిచేతిని ముందుకి చాపాడు. వేళ్ళు వణుకుతున్నాయి. అయినా తెరుచుకునే ఉన్నాయి.

గురునాథం ఆ చేతిని చూశాడు. గేటు తోసుకుని దగ్గరికొచ్చాడు. పాత అలవాటు. అతని ఎడంచెయ్యి అతన్ని అడక్కుండానే భుజం మీదికి వెళ్ళి తువ్వాలు లాగింది. సగం మడత విప్పి, కలవబోయే చేతుల మీద కప్పబోయాడు.

"గురునాథం గారూ" అంది వెంకటరావమ్మ.

ఆయన ఉలిక్కిపడి ఆగాడు. తన మొహం చూడటానికి ఈ మనిషి ఇన్నేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడని ఆవిడకి అప్పుడు అర్థమైంది. యార్డు వదిలి వచ్చిన రోజున బుల్లయ్య తన తువ్వాళ్ళన్నీ తెచ్చి ఇస్తే, చించి మసిగుడ్డలు చేసుకుంది తను. పొయ్యి మీద నుంచి వేడిగిన్నెలు దించిన ప్రతిసారీ చేతికి తగిలేవి.

"ఆ తువ్వాలు ఇటివ్వండి" అంది.

ఆయన ఇచ్చాడు. వెంకటరావమ్మ దాన్ని తన భుజాన వేసుకుంది. వెనక చేతులు రెండూ కలిశాయో లేదో తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు, ఆ మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. గేటు దాటి, కౌశిక్‌ని లోపలికి పొమ్మని చెయ్యి చూపించి, నేరుగా కారు దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఆగు!" శ్రీకృష్ణ కేక వినపడింది.

ఆగలేదు. ముందు సీట్లో పిల్ల తండ్రి అద్దం దించి, "ఏవండీ, ఎవరీ పెద్దాయన? ఏం జరుగుతోంది?" అంటున్నాడు. ఆవిడ ఆయనకి నమస్కారం పెట్టి, వెనక తలుపు తెరిచింది. అంచు చీర, జడలో మల్లెపూలు, ఒళ్ళో బిగించి పట్టుకున్న చేతిసంచి. వెంకటరావమ్మ మొహం చూడకముందే ఆ పిల్ల కళ్ళు ఆవిడ భుజం మీదుగా వాకిట్లోకి వెళ్ళాయి. ఎండలో, ఏ కప్పూ లేకుండా ఉన్న ఆ చేతుల దగ్గర ఆగిపోయాయి.

"తేజశ్రీ, నువ్వొక్కదానివే దిగు తల్లీ. ఇల్లు తర్వాత చూద్దువుగాని. ముందు నీకొక మాట చెప్పాలి."

పిల్ల కళ్ళు తిప్పుకోలేదు. పక్కనున్న తల్లి చెయ్యి పట్టుకుని ఆపబోతే మెల్లగా విడిపించుకుంది.

"నేను ఇల్లు చూడ్డానికి రాలేదండీ. నాకూ ఒక మాట చెప్పాల్సింది ఉంది" అంది తేజశ్రీ.